స్లీపరు, మేటు, లైన్ క్లియర్: రైలు మాటల్లో మన్యం చరిత్ర

ఈ సంచికలో థింసా మీద, ఇటుకల పండుగ మీద, మన వేర్ల వైద్యం మీద రాసేవాళ్ళు ఉంటారు. నేను రైలు మాటల మీద రాస్తున్నాను. రైలుకీ మన సంస్కృతికీ సంబంధం ఏమిటని యువతీ యువకులు అడగవచ్చు. ఒక్క మాటతో మొదలుపెడితే ఆ సంబంధం తెలుస్తుంది. ఆ మాట స్లీపరు.

పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెను స్లీపరు అంటారు. ఇప్పుడు కాంక్రీటుతో పోస్తున్నారు గానీ మొదట్లో అది చెక్క దిమ్మె. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుంచి ఠాణాకు 34 కిలోమీటర్ల దూరం మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. 1890 నాటికి పట్టాల పొడవు 25,500 కిలోమీటర్ల దాకా పెరిగింది. ఒక మైలు పట్టా వేయడానికి 1,760 నుంచి 2,000 స్లీపర్లు పట్టేవి. లెక్క మీరే వేసుకోండి, తక్కువలో తక్కువ రెండున్నర కోట్ల పైమాటే. అదీ ఒక్కసారి పరిస్తే సరిపోదు. వానకు నాని, చెదలు పట్టి కొన్నేళ్ళకే పాడైపోతే మళ్ళీ కొత్తవి కావాలి. టేకు, గుగ్గిలం, దేవదారు వంటి గట్టి చెట్లే దానికి పనికొస్తాయి. అవి ఉన్నది ఎవరి కొండల మీద? ఎవరి దేవతల వనాల్లో?

1864లో ఆంగ్ల ప్రభుత్వం అటవీ శాఖను పెట్టింది. 1865లో, 1878లో అడవి చట్టాలు, మన వైపు 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చాయి. అడవిని కాపాడడానికే ఈ చట్టాలని చెప్పారు. రైలుకు, ఓడలకు కలప కరువు రాకుండా చూసుకోవడం అందులో పెద్ద కారణం. అప్పుడు మన నోళ్ళలోకి వచ్చిన మాట రిజర్వు. రైల్లో రిజర్వేషన్ అంటే మనకోసం సీటు పట్టి ఉంచడం. అడవిలో రిజర్వు అంటే మనల్ని లోపలికి రానివ్వకపోవడం. ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేసింది. పోడు మీద ఆంక్షలు, కట్టెపుల్లకు కూడా పన్ను, గార్డుల దౌర్జన్యం, ఇవన్నీ 1879 రంప తిరుగుబాటులోనూ, 1922 నుంచి 1924 దాకా సాగిన అల్లూరి మన్యం పోరాటంలోనూ కారణాలయ్యాయి. రైలే వాటికి కారణమని నేను అనడం లేదు. కానీ స్లీపరు అనే మాట వినిపించినప్పుడు దాని కింద ఒక అడవి ఉందని మన పిల్లలకు తెలిసి ఉండాలి.

ఇంకా ముందే, 1855లో రాజమహల్ కొండల దగ్గర సంతాలులు లేచారు. దాన్ని వాళ్ళు హూల్ అంటారు. ప్రధానంగా వడ్డీ వ్యాపారుల మీద, జమీందార్ల మీద, పోలీసుల మీద ఆ కోపం. అదే సమయంలో ఆ ప్రాంతంలో ఈస్టిండియన్ రైల్వే పని నడుస్తోంది. రైలు పని చేయించే తెల్లవాళ్ళు మేకలను, కోళ్ళను డబ్బివ్వకుండా పట్టుకుపోతున్నారన్న ఫిర్యాదు కూడా ఆనాటి రాతల్లో కనిపిస్తుంది. అంటే ఆదివాసీకీ రైలుకీ తొలి పరిచయం టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడంతో జరగలేదు. కట్ట పోయడంతోనో, చెట్టు కొట్టడంతోనో జరిగింది.

ఇక మాటల దారి చూద్దాం. రైలు మాటలు చాలావరకు ఇంగ్లండు నుంచి వచ్చాయి. అక్కడ అవి గుర్రబ్బండ్ల నుంచి, ఓడల నుంచి, గనుల నుంచి వచ్చాయి. కోచ్ అంటే గుర్రబ్బండి. గార్డు అంటే ఆ బండి వెనక కూర్చుని దొంగల నుంచి కాపాడేవాడు. బుకింగ్ ఆఫీసు అనడం ఎందుకంటే, గుర్రబ్బండి ఎక్కేవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం పోయి కంప్యూటరు వచ్చినా బుకింగ్ మాత్రం ఉండిపోయింది. మేట్ అంటే తోటివాడు, ఓడల్లో కెప్టెను తర్వాతివాడు. రైలు కట్ట మీద అతడు గ్యాంగు పెద్ద అయ్యాడు. ఖలాసీ అనే మాట అరబ్బీది. అరబ్బు ఓడల్లో, రేవుల్లో పనిచేసేవాళ్ళ మాట అది. సముద్రం దాటి వచ్చి వర్క్‌షాపుల్లో, షెడ్లలో స్థిరపడింది.

మన భాషల నుంచి వెళ్ళిన మాట కూడా ఒకటి ఉంది. అదే కూలి. దక్షిణాది భాషల్లో కూలి అంటే చేసిన పనికి ఇచ్చే డబ్బు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ఆ మాట డబ్బును వదిలేసి మనిషి మీద వాలింది. కొందరు పండితులు దాన్ని గుజరాత్‌లోని కోలి తెగ పేరుతో ముడిపెడతారు. అదే నిజమైతే ఒక తెగ పేరే బరువు మోసేవాడికి పేరు అయిందన్నమాట. 2016 రైల్వే బడ్జెట్‌లో స్టేషన్లలోని కూలీలను ఇకపై సహాయక్ అని పిలవాలన్నారు. ఎర్ర చొక్కా మారలేదు, నెత్తి మీద పెట్టె దిగలేదు, పేరు మాత్రం మారింది.

మన జనం కూడా ఊరుకోలేదు. స్టేషనును టేసను చేశారు, ఇంజిన్‌ను ఇంజను చేశారు. రైలు అన్న మాటకు అసలు అర్థం పట్టా. మనం దాన్ని బండికి పెట్టుకుని, పట్టాకు పట్టా అనే ఉంచుకున్నాం. బోగీ సంగతి మరీ తమాషా. ఇంజినీర్ల లెక్కలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. మనకు పెట్టె మొత్తం బోగీయే. లారీ అంటే మనకు రోడ్డు మీది బండి, రైలు కట్ట మీద మాత్రం సామాను మోయడానికి పట్టాల మీద తోసుకెళ్ళే నాలుగు చక్రాల బల్ల. ఆఫీసరు కూర్చుని లైను చూసేది ట్రాలీ. రైలు వస్తోందంటే ట్రాలీని నలుగురు కలిసి ఎత్తి పక్కన పెట్టగలగాలి. ఆ నలుగురూ ట్రాలీమన్లు. ఆఫీసరు గొడుగు కింద కూర్చుంటే వాళ్ళు పట్టా మీద కాళ్ళకు చెప్పుల్లేకుండా పరుగెడుతూ తోసేవారు. పాత ఫొటోల్లో ఇప్పటికీ ఆ దృశ్యం కనిపిస్తుంది.

ఇప్పుడు మన లైను దగ్గరికి వద్దాం. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల ఈ లైనును రైల్వేవాళ్ళు కె.కె. లైను అంటారు. పెద్దవాళ్ళు కొందరు డి.బి.కె. అని కూడా అంటారు. దండకారణ్య, బొలంగీర్, కిరిబురు అనే మూడు పేర్ల మొదటి అక్షరాలవి. 1960లో మూడు లైన్లను ఒకే ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. బైలదిల కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడం మన లైను ముఖ్యోద్దేశం. బైలదిల అంటే ఎద్దు మూపురం. బస్తర్‌లో ఆ కొండల వరస దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. మూపురం మీది బరువును సముద్రం దాకా దించడానికి అనంతగిరి కొండల్ని తొలిచారు. లైను మొత్తం మీద 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. 1960ల చివరికి రైళ్ళు నడిచాయి. మొదట డీజిల్ ఇంజన్లు, 1980ల తొలి సంవత్సరాల్లో కరెంటు.

ప్రయాణికుల కోసం వేసిన లైను కాదిది. ఇది అర్థమైతే ఈ లైను మీది మాటలన్నీ అర్థమవుతాయి. ఇక్కడ లోడు అంటే ఖనిజం, ఎంప్టీ అంటే ఖనిజం దించి తిరిగొచ్చే ఖాళీ వ్యాగన్లు. లోడు దిగుతుంది, ఎంప్టీ ఎక్కుతుంది. మన ప్యాసింజరు బండిని పక్క లైనులో నిలబెడితే లూప్‌లో పడేశారు అంటారు. ఎదురు బండి దాటేదాకా ఆగితే క్రాసింగ్ పడింది అంటారు. ఒంటి లైను మీద బతికినవాళ్ళకు క్రాసింగ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. సంతకు దుంపలు, చింతపండు, పనస తీసుకెళ్ళిన అమ్మమ్మలను అడగండి, ఏ స్టేషనులో ఎంతసేపు కూర్చోవాలో చెబుతారు.

కొండ ఎక్కే భాగాన్ని ఘాట్ సెక్షన్ అంటారు. పట్టాల పక్కన చిన్న స్తంభం మీద ఒకటికి అరవై అని రాసి ఉంటే, అరవై మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు మారుతుందని అర్థం. మన కాలిబాటతో పోలిస్తే అది చదును నేలే. వేల టన్నుల బండికి మాత్రం నిలువు కొండ. అందుకే వాలు మీద బండి వెనక నుంచి నెట్టే ఇంజనును బ్యాంకర్ అంటారు. దీనికీ డబ్బుల బ్యాంకుకూ సంబంధం లేదు, పాత ఇంగ్లీషు రైలు మాటల్లో బ్యాంక్ అంటే వాలు. దిగేటప్పుడు భయం వేరు. బ్రేకు పట్టు తప్పితే బండిని ఆపేది ఏదీ లేదు. దానికోసం రెండు రకాల సైడింగులు కడతారు. స్టేషనులో నిలిపిన వ్యాగన్లు తమంతట తాము జారి కిందికి పోకుండా ఆపేది స్లిప్ సైడింగ్. పై నుంచి అదుపు తప్పి వచ్చే బండిని స్టేషనులోకి రానివ్వకుండా పక్కకు మళ్ళించి పట్టేది క్యాచ్ సైడింగ్. కొండ మీదికి ఎదురు ఎక్కి, ఎక్కడికీ పోకుండా ఆగిపోయే పట్టా కనిపిస్తే అది ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. అది బండ్లు నడవడానికి వేసింది కాదు. నడవకూడని బండి కోసం వేసింది.

ఇంకో బోర్డు గురించి కూడా అడుగుతారు. పసుపు పలక మీద సీ/ఫా అని హిందీలోనూ, పక్కన డబ్ల్యూ/ఎల్ అని ఇంగ్లీషులోనూ ఉంటుంది. సీటీ, ఫాటక్ అనే రెండు మాటల మొదటి అక్షరాలవి. ముందు లెవెల్ క్రాసింగ్ గేటు ఉంది, కూత వెయ్యి అని డ్రైవరుకు చెప్పడం.

శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కాశ్మీరులో కొత్త లైన్లు రాకముందు చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషను ఇదే. అందరూ ఆ అంకె చూసి ఫొటో దిగుతారు. నేనైతే పేరు చూడమంటాను. గుడ అంటే మన వైపు చిన్న పల్లె. ఆ తర్వాత వచ్చే దార్లిపుట్‌లోని పుట్ కూడా అలాంటి పల్లె మాటే. కరకవలసలో కరక చెట్టు ఉంది, వలస వచ్చి కట్టుకున్న ఊరూ ఉంది. మనం సంతలో అమ్మే కరక్కాయే అది. కొండదొర, బగత, కోటియా, పోర్జ, గదబ, కోంధు, వాల్మీకి, ఇంతమంది మనుషుల్లో ఒక్కరి పేరూ లైను మీద ఎక్కడా రాసి లేదు. కానీ మన పల్లెల పేర్లు మూడేసి లిపుల్లో పసుపు పలకల మీద నిలబడ్డాయి. పలకకు నల్ల రంగు వేసినవాడికి గుడ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. మనకు తెలుసు.

ఇక కట్ట మీది మనుషులు. లైనును కొన్ని కిలోమీటర్ల చొప్పున బీట్లుగా పంచుతారు. ఒక్కో బీటుకు ఒక గ్యాంగు, గ్యాంగుకు ఒక మేటు. మేటు కింద కీమన్, హిందీలో చాబీవాలా. తాళంచెవి పట్టుకునేవాడు కాదు, పట్టాను స్లీపరుకు బిగించే కీలు, క్లిప్పులు ఊడిపోలేదని రోజూ తన బీటంతా నడిచి చూసేవాడు. భుజాన సుత్తి, స్పానరు, రెండు ఎర్ర జెండాలు, ఒక పచ్చ జెండా, కొన్ని డిటోనేటర్లు. సుత్తితో కొట్టినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి క్లిప్పు గట్టిదో వదులుదో అనుభవం ఉన్న కీమన్ చెప్పగలడు. డప్పు చర్మం బిగిసిందో లేదో మనవాళ్ళు వేలితో తట్టి చెప్పినట్టే.

డిటోనేటరును గ్యాంగువాళ్ళు పటాకా అంటారు. పట్టా మీద కట్టే చిన్న పేలుడు బిళ్ళ అది. ఇంజను దాని మీదికి రాగానే పేలుతుంది, డ్రైవరు బండి ఆపుతాడు. ముందు పట్టా విరిగితేనో, కొండచరియ పడితేనో, గ్యాంగుమన్ బండి వచ్చే వైపు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక పటాకా, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పటాకాలు పెట్టాలన్నది బ్రాడ్‌గేజ్ నియమం. చదవడానికి ఒక వాక్యమే. వానలో, చీకట్లో, ఒక పక్క లోయ, ఒక పక్క బండ ఉన్న చోట కంకర మీద 1,200 మీటర్లు పరుగెత్తడం వేరు. వానాకాలంలో రాత్రంతా లాంతరు పట్టుకుని తిరిగే పనిని పెట్రోలింగు అంటారు. చరియలు పడే చోట కదలకుండా కాపలా ఉండేవాడు స్టేషనరీ వాచ్‌మన్. గెడ్డ పొంగిందా, బండ కదిలిందా అని అతడు చూడాలి. కొండను చూసి వాన పసిగట్టే మనిషికి ఈ పని బాగా తెలుసు, అందుకే మన కొండల వాళ్ళను ఇటువంటి పనుల్లో ఎక్కువగా చూస్తాం.

బరువైన పట్టాను ఎత్తడానికి అందరి బలమూ ఒకే క్షణంలో పడాలి. అందుకే గ్యాంగుకు పిలుపు ఉంటుంది. ఒకడు పిలిస్తే మిగతావాళ్ళు హైస్సా అని అందుకుంటారు. అమెరికాలో కూడా ఇంతే. అక్కడ పట్టాలు సరిచేసేవాళ్ళను యాసలో గ్యాండీ డాన్సర్లు అనేవారు. దక్షిణ రాష్ట్రాల్లో వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి కూలీలు. పిలుపుపాట లయకు గడ్డపారలు ఒక్కసారిగా కదిలేవి, అది నాట్యంలా ఉండేది. మన థింసా వరసలో భుజం పట్టుకుని అడుగు కలపడం తెలిసినవాళ్ళకు ఈ సంగతి వివరించనక్కర్లేదు.

మేటు, మస్టరు అనే మాటలు మీకు కొత్తవి కావు. ఉపాధి హామీ పనిలో రోజూ వింటున్నారు. అవి రైలు కట్టల నుంచి, చెరువు పనుల నుంచి, రోడ్డు పనుల నుంచి వచ్చినవే. మస్టరులో పేరు ఎక్కడం అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. రైల్వేలో ఆ ఒక్క గీత మీద కుటుంబాల బతుకు నిలబడింది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

రైల్వేలో రెండు మాటలున్నాయి: ప్రాజెక్టు, ఓపెన్ లైన్. కొత్తగా కట్టే లైను ప్రాజెక్టు, నడుస్తున్న లైను ఓపెన్ లైన్. కూలీలు క్యాజువల్ లేబరు, అంటే పని ఉన్నన్నాళ్ళే. ఓపెన్ లైనులో కొంతకాలం ఎడతెగకుండా పనిచేస్తే టెంపరరీ స్టేటస్ అనే హోదా వచ్చేది, దానితో కొన్ని హక్కులు వచ్చేవి. ప్రాజెక్టులో చేసినవాడికి ఆ దారి లేదు. లైను పూర్తయితే అతడి పనీ పూర్తయింది. సొరంగం తొలిచినవాడు, దిమ్మె మోసినవాడు, తొలి బండి కూత వినే రోజుకు ఇంటికి పోయి ఉంటాడు. దేశమంతటా వేలమంది ఇలా ఏళ్ళ తరబడి చేసి ఖాళీ చేతులతో మిగిలారు. 1985లో ఇంద్రపాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను పట్టించుకుంది. ప్రాజెక్టుల్లో 360 రోజులు ఎడతెగకుండా పనిచేసిన క్యాజువల్ కూలీలకు దశలవారీగా టెంపరరీ స్టేటస్ ఇవ్వాలన్న పథకాన్ని కొన్ని మార్పులతో ఆమోదించింది. ఇక 360 రోజులు ఎలా రుజువు చేయాలి? మస్టరు రోల్, సర్వీసు కార్డు. చదువు రాని మనిషి, వేలిముద్ర వేసిన మనిషి, వానకు తడిసిన ఇంట్లో ఆ కార్డు దాచుకోవాలి. దాచుకున్నవాడు గ్యాంగుమన్ అయ్యాడు, దాచుకోనివాడు పోడుకు తిరిగొచ్చాడు. మీ ఇంట్లో తాతలకో, మామలకో రైలు పని చేసిన అనుభవం ఉంటే, ఆ చెక్క పెట్టెలో ఏ కాగితం ఉందో ఒకసారి చూడండి.

ఇంజను నడిపేవాళ్ళ మాటలు వేరే లోకం. డ్యూటీకి పిలవడానికి ఇంటికి పుస్తకం తీసుకొచ్చి సంతకం పెట్టించుకునేవాడు కాల్‌బాయ్. పేరులో బాయ్ ఉన్నా అతడికి యాభై ఏళ్ళుండవచ్చు. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. డ్యూటీ లేకుండా ప్రయాణికుడిలా వెళ్ళడం స్పేర్‌లో వెళ్ళడం. పెట్టెలు లేకుండా ఒంటరిగా నడిచే ఇంజను లైట్ ఇంజన్, అది నూరు టన్నులకు పైగా తూగినా సరే. వేరే ఇంజను లాక్కెళ్ళేది డెడ్ ఇంజన్. చివరి పెట్టె వెనక పసుపు రంగు ఇంటూ గుర్తు ఉంటుంది. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు స్టేషను మాస్టరుకు లెక్క. కనిపించకపోతే మధ్యలో ఎక్కడో కొన్ని పెట్టెలు తెగి ఉండిపోయాయని అర్థం.

ముందు స్టేషనువాడు దారి ఖాళీగా ఉంది, పంపు అని చెప్పే అనుమతి లైన్ క్లియర్. పాత పద్ధతిలో ఒంటి లైను మీద ఆ అనుమతికి గుర్తుగా డ్రైవరు చేతికి లోహపు గుండు ఒకటి ఇచ్చేవారు, టోకెను అంటారు. అది చేతిలో లేకుండా బండి కదలదు. ఇప్పుడు పెళ్ళి సంబంధానికీ, భూమి పట్టాకూ కూడా లైన్ క్లియర్ అయింది అంటున్నాం. పథకం పట్టాలెక్కింది, చర్చలు పట్టాలు తప్పాయి అని పేపర్లలో రోజూ చదువుతున్నాం. రైలు ఎక్కని మనిషి ఉండవచ్చు గానీ రైలు మాట ఆడని తెలుగువాడు లేడు.

పేర్లు మారుతున్నాయి. డ్రైవరు లోకో పైలట్ అయ్యాడు. 2022 జనవరిలో గార్డును ట్రైన్ మేనేజర్ అన్నారు. గ్యాంగుమన్ ముందు ట్రాక్‌మన్ అయ్యాడు, ఆపైన ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు. మీలో చాలామంది లెవెల్-1 పరీక్షకు చదువుతున్నారు కదా, నోటిఫికేషనులో ట్రాక్ మెయింటెయినర్ గ్రేడ్-4 అని కనిపించేది ఆ పాత గ్యాంగుమన్ ఉద్యోగమే. కొత్త పేరు గౌరవంగా ఉంది, నాకు అభ్యంతరం లేదు. చేతిలో గడ్డపార, ఎండలో కంకర అదే. పరీక్ష పాసై చేరిన కొందరు చదువుకున్న పిల్లలు మొదటి నెలలోనే బెంబేలెత్తడం పేరు చూసి పని అంచనా వేయడం వల్లే.

ఇప్పుడు కొత్తవలస, కోరాపుట్ మధ్య రెండో లైను పని సాగుతోంది. మళ్ళీ సొరంగాలు, మళ్ళీ కట్టలు, మళ్ళీ ప్రాజెక్టు అనే మాట. ఈసారి కూలీలను పెట్టుకునేది ఎక్కువగా కాంట్రాక్టర్లు, కాబట్టి మస్టరు ఎవరి దగ్గర ఉందో, పి.ఎఫ్. నంబరు వచ్చిందో లేదో మొదటి వారంలోనే అడగాలి. కంకర కూరే పని ట్యాంపింగ్ యంత్రం చేస్తోంది. పట్టా లోపలి పగుళ్ళను ధ్వని తరంగాలతో పట్టుకునే పరికరం వచ్చింది. పెట్రోల్‌మన్ జేబులో జి.పి.ఎస్. ట్రాకరు ఉంటోంది. అతడు ఎక్కడ ఆగాడో ఆఫీసులో కనిపిస్తుంది, ఎందుకు ఆగాడో కనిపించదు. బండి దగ్గరపడితే మోగే రక్షక్ అనే పరికరాన్ని కొన్ని చోట్ల గ్యాంగులకు ఇస్తున్నారు. మిగతా చోట్ల లుకౌట్ మన్ ఉంటాడు. గ్యాంగు వంగి పనిచేస్తుంటే అతడొక్కడే తలెత్తి నిలబడి, మలుపు వైపు చూస్తూ, నోట్లో ఈల పెట్టుకుని ఉంటాడు.